పైకెక్కని ఆయిల్

బియ్యం కడుగుతుంటే మానస బండి చప్పుడు వినపడింది. మా ఇల్లు షాపు వెనకే. కోరుట్లలో శేఖర్ మెకానిక్ షాపంటే చాలామందికి తెలుసు. ఆ షాపులో పదకొండేళ్లుగా ఇంజన్లు విప్పి కడిగేది, వాల్వులు నూరి కూర్చోబెట్టేది నేనని మాత్రం ఎవరికీ తెలియదు. గిరాకీలు ముందు నిలబడి ఆయనతో మాట్లాడతారు, నేను వెనక గదిలో పని చేస్తాను. ఎవరైనా నా నల్లబడ్డ గోళ్లు చూసి అడిగితే, "మా సంగీత గింత చేతి సాయం జేస్తది" అంటాడు నా భర్త శేఖర్.

మానస మేడిపల్లిలో నర్సు. భర్త దుబాయిలో ఉంటే ఆయన బండి మీదే ఊళ్లు తిరుగుతుంది. దానికి వాల్వులను తెరిచే కొత్త క్యామ్‌షాఫ్ట్ వేసి, ఇంజన్ పైభాగమైన సిలిండర్ హెడ్ బాగుచేసి నిన్ననే బిగించాం. ఇప్పుడు నాలుగేళ్ల బిడ్డను ముందు కూర్చోబెట్టుకుని బయలుదేరింది. అంతకుముందు శేఖర్‌తో మాట్లాడుతూ పది నిమిషాలు ఇంజన్ ఆపకుండానే ఉంచింది. మొదట మెత్తగా ఉన్న చప్పుడు, వేడెక్కేకొద్దీ పైనుంచి టకటకమంటూ గట్టిపడింది. నీళ్లలో నా చేతులు ఆగిపోయాయి.

హెడ్‌కి ఆయిల్ ఎక్కడం లేదేమో. ఎక్కకపోతే క్యామ్‌షాఫ్ట్ పొడిగా తిరిగి తిరిగి పట్టేస్తుంది, కదలకుండా బిగుసుకుపోతుంది. రోడ్డు మీద, వేగంలో, ముందు బిడ్డతో ఉన్నప్పుడు ఇంజన్ పట్టేసి చక్రం ఆగిపోతే? నిన్న హెడ్ కింద లీకు కాకుండా వేసే ప్యాకింగ్‌కి గమ్ము రాసింది నేనే. రాస్తుంటే అత్తమ్మ మూడుసార్లు పిలిచింది: బీపీ గోళీకి నీళ్లిమ్మని, పాలు పొంగుతున్నాయని, మూడోసారి ఊరికే. తిరిగొచ్చి మిగిలిన చోట గబగబా మందంగా పూసేశాను. ఆయిల్ పైకి పోయే రంధ్రం దగ్గర ఎక్కువైన గమ్ము తుడిచానా? ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

శేఖర్‌కి చెప్పాను. గిరాకీల వైపు నవ్వుతూనే, నన్ను చూడకుండా అన్నాడు: "కొత్త క్యామ్ గదా, రెండు దినాలల్ల సెట్టయితది. నువ్వు పోయి అన్నం సూడు."

మానసకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. బండి నడుపుతోంది, ఎలా ఎత్తుతుంది? కడిగిన బియ్యం అలాగే వదిలేసి, బోల్టులు విప్పే పానలు సంచిలో వేసుకున్నాను. అన్నం సంగతేమిటని అత్తమ్మ అడిగింది. మోపెడ్ తీస్తుండగా ఫోన్ మోగింది.

"అక్కా, బండి గుంజుతలేదు. చప్పుడు గూడ ఎక్కువైంది."

"ఇంజన్ బంద్ జేయి. మళ్ల స్టార్ట్ జేయకు. నేనొస్తున్న."

మేడిపల్లి వైపు పోయే జగిత్యాల రోడ్డు పక్కన, మక్క గింజలు ఆరబోసిన చోట నిలబడి ఉంది. బిడ్డ మక్కల్లో ఆడుకుంటోంది. ఇంజన్ చల్లారేదాకా ఆగి, ఇంజన్ పైనున్న టాపెట్ మూత విప్పి, ఒక్క క్షణం స్టార్ట్ చేయించాను. ఆయిల్ ఉబికి పైకి రావాలి. చుక్క కూడా రాలేదు. క్యామ్ మీద సన్నటి గీతలు పడ్డాయి, ఇంకా పట్టేయలేదు. ఇంకో నాలుగు కిలోమీటర్లు పోయి ఉంటే?

ఇంతలో, నేను వెళ్లిన సంగతి తెలిసి శేఖర్ ఒక గిరాకీ బండి మీద వచ్చాడు. ఒక్క చూపుతో ఆయనకూ అర్థమైంది. మానస వైపు తిరిగి, "పార్టే ఖరాబుది పంపిన్రు మేడం, వాపస్ జేసి కొత్తది ఏస్త" అన్నాడు. ఆమె సరేనంది.

ఆ అబద్ధం నన్ను కూడా కాపాడుతుంది. నోరు మూసుకుంటే చాలు. కానీ ఇన్నేళ్లూ బాగైన బండ్లన్నీ ఆయన పేరున వెళ్లాయి. చెడిన ఈ ఒక్కటీ కంపెనీ పేరున పోతే, నేను ఆ షాపులో ఎప్పుడూ లేనట్టే.

"పార్టు మంచిదే," అన్నాను. "ఆయిల్ పోయే తొవ్వ గమ్ముతోని మూసుకపోయినట్టుంది. గా గమ్ము రాసింది నేను. హెడ్ పని మొత్తం నేనే జేసిన."

శేఖర్ ముఖం మాడిపోయింది. మానస నా గోళ్లవైపు, తర్వాత ఆయనవైపు చూసింది. "మరి ఇప్పుడు దీన్ని ఎవరు ఇప్పుతరు?" అని అడిగింది.

ఆయన పాన కోసం చెయ్యి చాచాడు. నేను ఇవ్వలేదు.

"నేనే ఇప్పుత," అన్నాను. "ఎనక అర్రల కాదు. షాపు ముందట కూసొని ఇప్పుత."