ఎర్విన్ కెసెల్ మందు డబ్బాలు

మిర్నా టోలెఫ్సన్‌కు తండ్రి వదిలి వెళ్ళినవి రెండే: కుంటి గుర్రం ఒకటి, పాతకాలపు రైఫిల్ ఒకటి. గుర్రం ఆ చలికాలమే పోయింది. రైఫిల్ మాత్రం ముప్పై ఏళ్లుగా ప్రతి నవంబరూ ఒక జింకను ఇంటికి చేరుస్తూనే ఉంది. చిక్కల్లా దాని తూటాలతోనే. ఆ సైజువి ఇప్పుడు కంపెనీలు ఎప్పుడో బుద్ధి పుట్టినప్పుడు తప్ప చెయ్యడం లేదు. వాళ్ళ ఊరు సేజ్ ఫోర్క్ హార్డ్‌వేర్ కొట్టులో ఆ అర రెండేళ్లుగా ఖాళీగా పడి ఉంది. కొత్త రైఫిల్ కొనుక్కోమని చెప్పిన వాళ్ళందరికీ మిర్నా చెప్పే జవాబు ఒకటే.

"ఇది పాడవలేదుగా?"

ఆమెకు యాభై నాలుగేళ్లు. స్కూలు బస్సు నడుపుతుంది. ఏ పనైనా చేత్తో చేసుకోగలిగితే ఇంకొకళ్ళ మొహం చూడదు. కాల్చేసిన తూటాల ఇత్తడి తొడుగులు కాఫీ డబ్బాల నిండా దాచి ఉన్నాయి. వాటిలో తుపాకి మందూ గుండూ తనే నింపుకుంటే పోతుంది కదా అనుకుంది. దానికి తూటాలు నొక్కి బిగించే ప్రెస్సు, ఆ సైజు అచ్చులు, మందు తూచే చిన్న త్రాసు, కొలతల పుస్తకం కావాలి. అవి ఎక్కడ కొనాలన్నదే తేలలేదు.

మొదట బిల్లింగ్స్ పట్నం వెళ్ళింది. రెండు గంటల ప్రయాణం. పెద్ద తుపాకుల దుకాణంలో గడ్డం పెంచుకున్న మనిషి ఆమెను చూసి, "మీ ఆయన కోసమాండీ?" అన్నాడు.

"మా ఆయన పదకొండేళ్ల కిందట నెవాడా వెళ్ళిపోయాడు. ఆయనకు తూటాలు నేనెందుకు కొనిపెడతాను?"

గడ్డపాయన నవ్వలేదు. గంటకు ఐదు వందల తూటాలు చేసే మిషను చూపించాడు. మిర్నా తనకు ఏడాదికి ఇరవై చాలంది. "ఇరవైకి ఇంత తిప్పలెందుకండీ మీకు?" అంటూ అతను ఆమె వెనక నిలబడ్డ మగాడి వైపు తిరిగాడు. ఆమె అచ్చులు అడగకుండానే బయటికొచ్చేసింది.

తరవాత కంప్యూటర్ ముందు కూర్చుంది. నాలుగు వెబ్‌సైట్లలో నాలుగు ధరలకు అదే ప్రెస్సు, దాన్ని పట్టుకున్నది అదే చెయ్యి, ఆ చేతికి అదే ఉంగరం. అందులో ఏది నిజమైన కొట్టో, ఏది డబ్బు మింగి నోరు మూసుకునేదో తెలియలేదు. విసుగొచ్చి కట్టేసింది.

అప్పుడు తగిలాడు గోర్డీ బ్రాండ్‌వోల్డ్, పెట్రోలు బంకు దగ్గర. మిర్నా కూడా సభ్యురాలైన ఊరి రైఫిల్ క్లబ్బుకు తొమ్మిదేళ్లుగా అతనే అధ్యక్షుడు. ఎవరింట్లో చావొచ్చినా ముందు చేరేది అతనే, ఓవెన్ నుంచి తీసిన వేడివేడి క్యాసెరోల్ గిన్నె పట్టుకుని.

"ఏం మిర్నా, తూటాలు చుడుతున్నావటగా! పట్నం వాళ్ళకెందుకు దోచిపెడతావు? శనివారం ఫెయిర్‌గ్రౌండ్స్‌లో తుపాకుల సంత ఉంది. నా బల్ల దగ్గరికి రా. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు కావలసినవన్నీ ఒకే పెట్టెలో సర్ది ఉంచుతాను."

మిర్నా వెళ్ళింది. అచ్చులు సరిగ్గా ఆమె సైజువే. ప్రెస్సు పాతదైనా నూనె రాసి చక్కగా ఉంది. పెట్టెలో త్రాసు, పుస్తకం, నల్ల అట్ట నోటుబుక్కు ఒకటి, సగం వాడిన మందు డబ్బా ఒకటి ఉన్నాయి.

"మూత తీసిన డబ్బా కదా ఇది?" అందామె.

"నాదేనమ్మాయ్. నేను వాడుతున్నదే. బోణీ బేరమని నీకు ఊరికే ఇస్తున్నాను."

ఆమె డబ్బిచ్చి పెట్టె మోసుకుంటూ ఇంటికొచ్చింది. మధ్యాహ్నం వంటింటి బల్ల మీద అన్నీ పరిచి, ముందు నోటుబుక్కు తెరిచింది. లోపల ఎర్విన్ కెసెల్ అన్న పేరు కనిపించేసరికి ఆమె చేతులు ఆగిపోయాయి. హైస్కూల్లో తనకు లెక్కలు చెప్పిన ఎర్విన్! మే నెలలో చనిపోయాడు. నల్లబల్ల మీద ఎలా రాసేవాడో ఇక్కడా అలాగే, అంకె మీద అంకె ఒరగకుండా రాసుకున్నాడు. ఆఖరి పేజీలకు వచ్చేసరికి మాత్రం అక్షరాలు వంకర్లు పోయాయి. చివరి రాత ఇలా ఉంది:

"మార్చి 9. చెయ్యి వణికింది. రెండు రకాల మందు కలిసిపోయింది. చూసుకునేసరికే సగం ఈ డబ్బాలో, సగం ఆ డబ్బాలో. రెంటికీ ఎర్ర టేపు చుట్టాను. పారబోయాలి. ఎవరూ ముట్టుకోకూడదు. రైఫిల్ మొహం మీదే పేలుతుంది."

మిర్నా డబ్బాను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి చూసింది. చుట్టూ వేలెడు వెడల్పున జిగురు మరక ఉంది. దాని మీద దుమ్ము నల్లగా అంటుకుంది. మూత అంచు కింద గోటికందనంత ఎర్ర పీలిక ఒకటి మిగిలిపోయింది. టేపు ఊడిపోలేదు, ఎవరో పనిగట్టుకుని గీకేశారు. ఆమె డబ్బాను వరండా మెట్ల మీద పెట్టి, వచ్చి చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుంది.

సాయంత్రం నాలుగింటికి నోటుబుక్కు పట్టుకుని ఎర్విన్ భార్య ఓపల్ దగ్గరికి వెళ్ళింది. ఓపల్‌కు డెబ్బై తొమ్మిదేళ్లు. నోటుబుక్కు చూడగానే ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ మీద ఆనించింది.

"ఇది నీ దగ్గరికెలా వచ్చిందమ్మా? గోర్డీ అన్నీ పారేశానన్నాడే!"

"పారేశాడా?"

"అంత్యక్రియలైన మూడో రోజే వచ్చాడు. చికెన్ క్యాసెరోల్ తెచ్చాడు, పాపం. ఇంట్లో మందుంటే కౌంటీ వాళ్ళు జరిమానా వేస్తారు, ఇంటి ఇన్సూరెన్సు కొట్టేస్తారు అన్నాడు. నేను హడలిపోయాను. తనే తీసుకెళ్ళి పారేస్తానన్నాడు. ప్రెస్సూ అచ్చులూ కూడా ఎందుకయ్యా అంటే, మందు అంటినవన్నీ ప్రమాదమే అన్నాడు. పికప్పులో ఎక్కిస్తుంటే నేనే తలుపు పట్టుకుని నిలబడ్డాను. మూడుసార్లు థాంక్స్ చెప్పాను."

"ఎర్ర టేపు డబ్బాల సంగతి అతనికి తెలుసాండీ?"

"నేనే విడిగా తీసి చూపించాను తల్లీ. ఇవి మాత్రం వాడకూడదని ఎర్విన్ మరీ మరీ చెప్పాడు, జాగ్రత్త అన్నాను. అలాగే ఓపల్, నాకు తెలీదా అన్నాడు."

మిర్నాకు ఒళ్ళంతా కంపరమెత్తింది. ముసలావిడను మోసం చేసి సామాను పట్టుకుపోవడం ఒక ఎత్తు. తెలిసి తెలిసి ఆ టేపు గీకడానికి అతను ఎంతసేపు కూర్చుని ఉంటాడు? చాకుతో గీకాడా, గోటితోనా? గీకుతున్నంతసేపూ ఏమనుకున్నాడు? ఓపల్ పెట్టిన కేకు ముక్క ముట్టకుండా, నోటుబుక్కు ఆవిడ ఒళ్ళోనే వదిలి ఆమె లేచింది.

మర్నాడు ఆదివారం. ఫైర్‌హౌసులో పాన్‌కేకుల ఫలహారం. కొత్త ఫైరింజనుకు చందాలని ఊరంతా అక్కడే ఉంది. గోర్డీ ఏప్రన్ కట్టుకుని పెనం దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళందరినీ పేరుపెట్టి పలకరిస్తున్నాడు. మిర్నా పళ్ళెం తీసుకోకుండా నేరుగా అతని దగ్గరికి వెళ్ళింది.

"గోర్డీ, నువ్వు నాకిచ్చిన డబ్బాకు ఎర్ర టేపు ఉండేది. ఏమైంది?"

"టేపా? ఏదో జిడ్డు పట్టి ఉంటే గీకేశాను. అమ్మే సరుకు నీటుగా ఉండద్దూ?"

"పారేస్తానని ఓపల్ దగ్గర తీసుకున్నవి నాకు అమ్మావు. పైగా నీ సొంతమన్నావు."

అతను గొంతు తగ్గించాడు. "మెల్లగా మాట్లాడు. ఆవిడకు వాటితో ఏం పని? తుప్పు పట్టిపోయేవి."

"రెండో డబ్బా ఎవరికిచ్చావు?"

"రెండొందల మంది వచ్చారు సంతకు. పేర్లు రాసుకుంటానా? ఎవరో గొర్రెల వాడు. సామానుతో పాటే ఇచ్చేశాను."

"అది పేలి చేతులు పోతే?"

"అబ్బ! ముసలాయన చాదస్తం అది. మందు మందే. పైగా బల్ల మీద బోర్డు కూడా పెట్టాను, ఉన్నది ఉన్నట్టుగా తీసుకోవాలి, తరవాత అడగకూడదని."

"అయితే పద. ఆ మందు నీ తూటాలో పోసుకో, నీ రైఫిల్లో పెట్టుకో, నీ చెంప ఆనించి కాల్చు. అందరం వచ్చి చూస్తాం."

ఈసారి ఆమె హాలంతా వినబడేలా అంది. గోర్డీ మొహం జేవురించింది. పాన్‌కేకు మాడుతున్నా తిప్పలేదు. కాల్చి చూపిస్తాననీ అనలేదు.

క్లబ్బు కోశాధికారి వెర్లిన్ కుర్చీలోంచే అన్నాడు: "ఆదివారం పూట ఇదేం గోల, మిర్నా? ఏదన్నా ఉంటే విడిగా మాట్లాడుకోండి. ఈ ఇంజను కోసం గోర్డీ ఎంత తిరిగాడో నీకు తెలుసా?"

మిర్నా చుట్టూ చూసింది. అందరూ తెలిసినవాళ్ళే. వాళ్ళ పిల్లల్ని రోజూ ఎక్కించుకుని దింపేది తనే. ఒక్కరూ తల ఎత్తలేదు. కొందరు సిరప్పు పోసుకుంటున్నారు. గోర్డీ మీద కంటే ఎక్కువ అసహ్యం ఆమెకు ఆ వంచిన తలల మీద వేసింది. గోర్డీ ఏప్రన్ జేబులోంచి ఆమె డబ్బు తీసి చాపాడు.

"ఓపల్‌కివ్వు," అని ఆమె బయటికి నడిచింది.

వేట మొదలయ్యేది వచ్చే శనివారం. అంటే ఆరు రోజులు. ఆ గొర్రెల మనిషి ఎక్కడివాడో తెలియదు. సోమవారం పొద్దున బస్సు షెడ్డులో పెట్టగానే ఆమె రేడియోకు ఫోను చేసింది. ఊళ్ళో రేడియోలో ఎనిమిదిన్నరకు అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఫోన్లు చేసే కార్యక్రమం వస్తుంది. ఎండుగడ్డి, మంచు టైర్లు, కుక్కపిల్లలు. అది నడిపే క్లారిస్, "ఏం అమ్ముతున్నావు మిర్నా?" అంది.

"ఏమీ అమ్మడం లేదు. శనివారం సంతలో గోర్డీ బ్రాండ్‌వోల్డ్ బల్ల దగ్గర మూత తీసిన మందు డబ్బా కొన్నవాళ్ళెవరైనా ఉంటే, దాన్ని వాడకండి. అందులో రెండు మందులు కలిసిపోయాయి. తుపాకీ పేలిపోతుంది. నాకు ఫోను చెయ్యండి."

క్లారిస్ గబుక్కున పాట పెట్టేసింది. "పేర్లు చెప్పకూడదని తెలీదా నీకు? ఇప్పుడే గోర్డీ ఫోను, స్టేషను మీద కేసు వేస్తాడట."

"వెయ్యనీ. రేపు కూడా చేస్తాను."

మంగళవారం చేస్తే క్లారిస్ మధ్యలో కట్ చేసింది. ఆ మధ్యాహ్నం ఆమె మిర్నా ఇంటికే వచ్చి, నోటుబుక్కు ఆఖరి పేజీ చూపించమంది. ఓపల్ దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తే నించునే చదివింది. బుధవారం పొద్దున ఆ ప్రకటన ఆమే చదివింది, గోర్డీ పేరుతో సహా, మూడుసార్లు.

గురువారం ఫోను మోగింది.

"నా పేరు ఎమెట్ రోన్‌హోవ్డ్ అండీ. డ్రై కూలీ లోయ అవతల గొర్రెలు మేపుకుంటాను. మా అత్తగారు రేడియోలో విన్నారట. ఆ డబ్బా నా దగ్గరుంది."

"వాడారా?"

"ఇరవై తూటాలు చేశాను. మా అమ్మాయి తుపాకీకి. పదమూడేళ్లు దానికి. శనివారం మొదటి వేట."

"ఒక్కటైనా కాల్చిందా?"

"లేదండీ. నిన్న గురి చూసుకుందామని బయల్దేరాం. గాలి మరీ ఎక్కువగా ఉందని వెనక్కి వచ్చేశాం." అవతల ఊపిరి పీల్చుకున్న చప్పుడు. "ఊరికే వచ్చింది కదా అని ఎగబడ్డానండీ. మూత తీసిందని చూసి కూడా."

"నేనూ చూశాను," అంది మిర్నా.

మర్నాడు అతను అరవై మైళ్ళు బండి నడుపుకుంటూ వచ్చాడు. ఓపల్ ఇంటి వెనక ఇరవై తూటాలూ ఒకటొకటే విప్పారు. రెండు డబ్బాల మందూ కంకర మీద సన్నటి గీతలా పోసి, దూరంగా నిలబడి అంటించారు. అది బుస్సుమని పసుప్పచ్చగా ఎగిసి ఆరిపోయింది. ఓపల్ స్వెటరు కప్పుకుని వాకిట్లోంచి చూసింది. "ఎర్విన్ తనే పారబోద్దామనుకున్నాడు. వారం వారం వాయిదా వేశాడు. చేతులు వణుకుతున్నాయని నాతో చెప్పడానికి సిగ్గు," అంది.

ప్రెస్సూ అచ్చులూ మిర్నానే ఉంచుకోమని ఓపల్ పట్టుబట్టింది. మిర్నా ఊరికే తీసుకోనంది. చివరికి న్యాయమైన ధర ఎంతో బిల్లింగ్స్ దుకాణానికే ఫోను చేసి కనుక్కుని అంతా ఇచ్చింది. మందు మాత్రం సీలు ఊడనిది అక్కడే కొంది. ఈసారి ఆ గడ్డపాయన వెనక ఉన్నవాళ్ళని ఆగమని, పుస్తకం తెరిచి, ఆమె రైఫిల్‌కు ఏ మందు ఎంతో తనే కాగితం మీద రాసిచ్చాడు. మనిషికి మాట తీరు తెలియదు కానీ, చేసే పని తెలుసు.

జనవరిలో క్లబ్బు ఎన్నికలు జరిగాయి. గోర్డీని చేతులెత్తి మళ్ళీ ఎన్నుకున్నారు. మిర్నా తన సభ్యత్వం కార్డు చింపి వెర్లిన్ ముందు పెట్టి వచ్చేసింది.

మార్చిలో ఒకరోజు పోస్టాఫీసులో గోర్డీ ఎదురుపడ్డాడు. నలుగురూ చూస్తుండగా పెద్దగా నవ్వుతూ చెయ్యి చాపాడు.

"ఎంతకాలం ఈ అలక? ఎవరికీ ఏమీ కాలేదుగా! వదిలెయ్ ఇంక."

మిర్నా ఆ చేతిని చూసింది. గోళ్ళు శుభ్రంగా, పొట్టిగా కత్తిరించి ఉన్నాయి.

"ఆ పిల్ల ఎలా ఉందని ఒక్కసారైనా అడిగావా, గోర్డీ?"

"ఏ పిల్ల?" అన్నాడతను, నిజంగానే తెలియక.

మిర్నా ఉత్తరాలు చంకలో పెట్టుకుని బయటికొచ్చింది. చిన్నతనం దాటాక ఆమె ఏనాడూ వీధిలో ఉమ్మలేదు. ఆ రోజు మెట్ల పక్క మంచులో ఉమ్మి, బస్సు ఎక్కింది.