వెనకబడ్డ చూపు

కిగంబోని రేవులో తెల్లవారుజామున అవతలి ఒడ్డు నగరానికి పంటు ఎక్కేవాళ్లు ఎప్పుడూ ఒకటే: చేపల బుట్టలవాళ్లు, బడి పిల్లలు, మంచి బూట్లు సంచిలో దాచుకున్న గుమాస్తాలు. వెనకటికి పంటు లేదు, తెరచాప పడవే. గాలి లేకపోతే పెళ్లికొడుకులు కూడా అవతలి ఒడ్డునే ఉండిపోయేవాళ్లు. అది వేరే సంగతి.

నాలుగేళ్లుగా ఆ గుంపులో షొమారి కూడా ఉంటున్నాడు. అవతల ఆసుపత్రిలో రోజూ, మత్తుపొడి మాన్పించే మెథడోన్ తాగాలి. ఆ మందు ఇంటికివ్వరు. ఒక్కరోజు మానితే ఎముకలు పీకుతాయి. రెండో రోజు కాళ్లు వాటంతటవే పొడి అమ్మే సందులోకి నడుస్తాయి.

ఆ మందు కళ్లను నెమ్మది చేస్తుంది. విశ్వవిద్యాలయంవాళ్లు గడ్డం ఆనించే యంత్రం తెచ్చి, ఎర్రచుక్కను అటూ ఇటూ గెంతించి, రోగుల కళ్లు ఎంత వెనకబడతాయో కొలిచారు. మిగతావాళ్లవి రెప్పపాటులో పిసరంత. షొమారి వంతులో చుక్క కుడికి గెంతాక వాళ్లు వెళ్లి టీ తాగి వచ్చారు. అప్పటికి అతని చూపు కుడికి చేరింది. రాసుకుని వెళ్లిపోయారు. పేటలోనూ ఎవరూ వింతపడలేదు. అతను లేచి వెళ్లినా చూపు అక్కడే ఉంటే, బట్టలారేసే ఆడవాళ్లు కాస్త పక్కకు జరిగేవాళ్లు. వెచ్చగా ఉంటుందని కోళ్లు దాని మీద కూర్చునేవి.

ఆ ఏడు అతని తల్లి బి తటు మంచాన పడింది. తండ్రి పోయిన రోజు షొమారి మత్తులో సందులో పడి ఉన్నాడు. పూడ్చిపెట్టాక తెలిసింది. అమ్మ పోయే ఘడియకైనా దగ్గరుండాలి. అతనికి మరో కోరిక లేదు.

ఆ మంగళవారం ఆమె ఊపిరి మారింది.

"ఇవాళ్టికి మానెయ్యరా," అంది అక్క మ్వాజుమా.

"మానితే సాయంత్రానికి ఎక్కడుంటానో నీకు తెలీదా అక్కా?"

"నాన్న పోయినప్పుడు ఎక్కడున్నావో తెలుసు. పో, నీకు అమ్మకన్నా ఆ గ్లాసే ఎక్కువ."

మంచం మీంచి బి తటు అంది: "వెళ్లనీవే. అది తాగకపోతే నాకు కొడుకెక్కడ మిగుల్తాడు?"

షొమారి ఆమెను చాలాసేపు చూసి, లేచి వెళ్లిపోయాడు. చూపు లేవలేదు. తల్లి ముఖం ఎదుటే ఉండిపోయింది.

చేపలమ్మే ఆవిడ అతణ్ణి చెయ్యి పట్టుకుని పంటు ఎక్కించింది. అతనికి నీళ్లు కనబడలేదు, అమ్మ కనబడుతోంది. ఆసుపత్రి వరసలో ముందువాడి చొక్కా పట్టుకుని నడిచాడు.

"కళ్లెక్కడ పెట్టొచ్చావు?" అంది కిటికీలోంచి నర్సు యూనిస్.

"అమ్మ దగ్గర, సిస్టర్."

"అయితే చెయ్యి చాపు."

గ్లాసు చేతిలో పెట్టింది. అతను తాగుతుండగానే అక్కడ తల్లి నోరు తెరుచుకుంది. గురక ఆగి ఆగి వస్తోంది. మ్వాజుమా వంటింట్లో ఉంది. పోయేవాళ్ల చెవిలో, దేవుడొక్కడేననే కలిమా చెప్పి పలికించాలి, గదిలో చెప్పేవాళ్లు లేరు. బి తటు అతని చూపులోకే చూస్తోంది.

"ఊఁ, ఏదైనా మాట్లాడు," అంది యూనిస్. మందు బుగ్గలో దాచి బయట అమ్ముకునేవాళ్లున్నారు. అందుకని మింగినవాళ్లు ఏదో ఒకటి పైకి అనాలి. కొందరు పేరు చెబుతారు, కొందరు ఓడిపోయిన ఫుట్‌బాల్ జట్టును తిడతారు.

షొమారి కలిమా చెప్పాడు. మాటమాటకీ ఆగి, ఎదుటివాళ్లు పలకడానికి వీలుగా.

"ఇది మసీదా? తొందరగా కానీవయ్యా!" అన్నాడు వెనకాయన. యూనిస్ చెయ్యెత్తి ఆపింది. షొమారి మళ్లీ మొదటినుంచి చెప్పాడు.

ఇంటికొచ్చేసరికి మ్వాజుమా గుమ్మంలోనే ఉంది.

"అమ్మ..."

"చూశానక్కా."

"నేను జావ తెచ్చేసరికి పెదాలు కదుపుతోందిరా. ఎవరో చెప్పిస్తుంటే పలికినట్టు, ఒక్కో మాటా. రెండుసార్లు." ఆమె గుమ్మంలోంచి పక్కకు తప్పుకుంది. "కళ్లు మూయడానికి నాకు చేతులు రాలేదు. నువ్వు మూయి."

అతను మూశాడు. తడుముకోవాల్సిన పని లేకపోయింది. తిరిగి చూసే కళ్లు లేక, కాసేపటికి అతని చూపు నెమ్మదిగా లేచింది. దానికి మొదట కనబడింది అక్క, చేతిలో చల్లారిపోయిన జావగిన్నెతో.

"రేపు మొదటి పంటుకి నేను లేపుతాను," అంది ఆమె.