బొటనవేలు వంగాలి

కిందటి నెల మా కార్ఖానాలో ఒక ముసలాయనకు పనిలో ఉండగానే కాలూ చేయీ పడిపోయాయి. దాంతో సేఠ్ అరవై దాటిన వాళ్లందరికీ నరాల పరీక్ష పెట్టించాడు. తప్పినవాణ్ని సాంచా దగ్గర నిలబడనివ్వనన్నాడు. సాంచా అంటే కరెంటు మగ్గం. సూరత్‌కు వచ్చిన నాటినుంచి నలభై ఏళ్లుగా సాంచాలే నడుపుతున్నాను. ఇప్పుడు ఆరు చూస్తున్నాను. వేరే పని రాదు.

డాక్టర్ నన్ను బల్ల మీద పడుకోబెట్టి, తాళంచెవితో అరికాలు గీశాడు. బొటనవేలు కిందికి వంగితే నరాలు బాగున్నట్టు, పైకి లేస్తే మెదడులోనో వెన్నులోనో తేడా ఉన్నట్టట. నాది వంగలేదు, లేవలేదు.

"కాకా, గీసింది తెలిసిందా?"

"ఎప్పుడు గీసినవ్?" అన్నాను.

ఆ వారంలో నేను మాట్లాడింది అదొక్కటే. అదీ చెడ్డదైంది.

డాక్టర్ మళ్లీ గీసి, తాళంచెవి అరిగిందేమోనని చూసుకున్నాడు. "చర్మం మందమేమో. సోమవారం రా. అప్పుడూ కదలకపోతే సంతకం పెట్టను."

మా ఇంటామె బుచ్చవ్వ నా కాళ్లు ఒళ్లో పెట్టుకుని చూసింది.

"ఇవి కాళ్లా, లారీ టైర్లా?"

ఆదివారం పొద్దంతా వేడినీళ్లలో నానబెట్టి రాయితో రుద్దింది. ఊడిన చర్మం చాటకెత్తింది. పక్కింటి సుభాషిణి తొంగిచూసింది.

"ఏం చెరుగుతున్నవ్ అత్తా?"

"మీ మామను."

సోమవారం తాళంచెవి తగలకముందే, దాన్ని చూసి నా వేళ్లన్నీ ముడుచుకున్నాయి. డాక్టర్ సంతకం పెట్టాడు.

అటునుంచటే పనిలోకి పోయాను. మేం చెప్పులు విడిచే నిలబడతాం. ఆ చప్పుడులో ఏ సాంచా ఆగిందో చెవికి తెలియదు. నేల అదురు కాలికి చెబుతుంది. ఆ రోజు నేల అదరగానే నాకు చక్కిలిగింత పుట్టింది. నవ్వాను. ఆపుకోలేకపోయాను. నేను నవ్వగా అక్కడెవరూ చూసి ఎరగరు. పక్కన పనిచేసే పరుశురాం ఉరికొచ్చాడు.

"ఏమైందే కాకా? ఎవడన్న సచ్చిండా?"

ఇంకా నవ్వొచ్చింది. సేఠ్ వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు.

"కాళ్లు సరే కాకా. తలకాయ బాగుపడ్డాక రా."

ఇక రోజూ మిట్టమధ్యాహ్నం మేముండే పర్వత్ పాటియా నుంచి ఊరవతలి కామ్‌రేజ్ దిక్కు తారురోడ్డు మీద వట్టికాళ్లతో నడిచాను. బుచ్చవ్వ గొడుగు పట్టుకుని వెనకాల వచ్చేది.

"జర గట్టిగ తొక్కు! పెండ్లిపిల్ల లెక్క నడుస్తవేంది?"

ఇరవయ్యో రోజు నన్ను కంకర కుప్ప మీద నిలబెట్టింది.

"కుచ్చుకుంటున్నదా?"

"ఏంది?" అన్నాను.

బుచ్చవ్వ సంబరపడి గొడుగు ముడిచింది. నన్ను కార్ఖానాకు తోలింది.

సేఠ్ నా ముఖం చాలాసేపు చూశాడు. ముఖంలో ఏమీ లేదు. "ఇప్పుడు బాగయ్యాడు" అని నా ఆరు సాంచాలు నాకిచ్చాడు. కాసేపటికి నాలుగోది ఆగింది. తోలు మందమైనా అదురు ఎముకకు తెలుస్తుంది. పోయి తెగిన దారం ముడేశాను.

వచ్చే ఏడు మళ్లీ పరీక్షట. రాయి బుచ్చవ్వ దగ్గరే ఉంది.