పిలిస్తే తప్ప కదలవు

మాంసం కోళ్ళంత బద్ధకపు జాతి భూమ్మీద లేదు. తినడం, కూలబడడం, ఇంతే వాటి బతుకు. నా కోళ్ళ గూటికి కింద అడుగు ఉండదు. చుట్టూ వల, పైన రేకు, వెనక రెండు చక్రాలు. రోజూ పొద్దున్నే దాన్ని కొత్త గడ్డి మీదికి లాగాలి. లోపలి కోళ్ళూ దాంతోపాటు నడవాలి. నడవకపోతే వెనక చట్రం కింద వాటి కాళ్ళు నలుగుతాయి.

అవి నడిచేది మా ఆవిడ గొంతుకే. ముందు నిలబడి "బో... బో... బో" అందంటే చాలు, పొట్టలు ఊపుకుంటూ పరుగెత్తేవి. అదే కూత నేను కూస్తే తల కూడా తిప్పవు, పొగరుబోతులు!

ఆ ఆవిడ కాస్తా అలిగి వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోయింది. మాటా మాటా పెరిగింది. "నీకు కోళ్ళుంటే చాలు, పెళ్ళామెందుకు?" అంది. "అవునే, చాలు!" అన్నాను. సంచి సర్దుకుంది. నేను ఆపలేదు.

మర్నాడు ఒక్క కోడి కదిలితే ఒట్టు. గతిలేక ఫోన్ చేశాను.

"కోళ్ళు కదలట్లేదే. ఓసారి పిలువు."

"ఫోన్ గూటి దగ్గర పెట్టి ఏడువు," అంది.

స్పీకర్ పెట్టాను. పిలిచింది. దొంగముఖాలు, ఎగబడి పరుగెత్తాయి! నేను లాగడం అయిపోగానే ఠక్కున పెట్టేసింది.

అప్పట్నుంచి రోజూ ఇదే తంతు. ఒక్కోసారి వదినే ఫోనెత్తి, "ఏం మరిదీ, కోళ్ళు మళ్ళీ అలిగాయా?" అని దెప్పేది. రమ్మని అడుగుదామనుకునేవాణ్ణి. మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ఇల్లు బావురుమంటోంది, నువ్వు లేక నాకేమీ తోచట్లేదు అని చెప్పడానికి వెధవ సిగ్గు. ఆ నాలుగు కూతల కోసం ఎప్పుడు తెల్లారుతుందా అని కాచుకునేవాణ్ణి. కోళ్ళేమో రోజురోజుకీ బరువెక్కుతున్నాయి. అవి పోతే ఇక ఏ వంకతో ఫోన్ చెయ్యను?

పోనే పోయాయి. నిన్న సాయంత్రం మాంసం కొట్టాయన వ్యాను తెచ్చి అన్నిటినీ ఎక్కించుకుని వెళ్ళాడు.

ఈ పొద్దున ఉండబట్టలేకపోయాను. ఫోన్ చేశాను.

"గూటి దగ్గర పెట్టావా?" అంది.

"ఆఁ, పెట్టాను. పిలువు."

"బో... బో... బో..."

ఖాళీ గూడు పక్కన, తడిగడ్డిలో నిలబడి విన్నాను. ఇంకోసారి పిలిచింది. మరోసారి పిలిచింది. ఆగింది.

"ఏంటి, ఒక్కటీ అరవట్లేదు?"

"నిన్ననే బండెక్కించేశాను."

"మరి ఇందాకట్నుంచీ ఎవర్ని పిలుస్తున్నానయ్యా నేను?" కయ్యిమంది.

ఏదో అబద్ధం చెబుదామని చూశాను. నోరు రాలేదు.

"నన్నే," అన్నాను.

ఈసారి ఫోన్ పెట్టెయ్యలేదు. వెనకనుంచి వదిన ఏదో అడుగుతోంది, ఈవిడ "ఉండవే అక్కా" అంటోంది. కాసేపటికి ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"ఏమైనా తిన్నావా?" అంది.