కన్నున్న పిందె

"మిద్దె మీద తొట్టి పాచి పట్టిపోతాండాది. నీ కంటికి ఆనదా?" అని ఉచ్చీరమ్మ అడిగే సమయానికి ఆమె కోడలు నాగవేణి కొళాయి దగ్గర బిందె మూతికి గుడ్డ బిగిస్తోంది. ఆదోనిలో నీళ్లొచ్చే రోజు ఆ వీధిలో ఏ ఆడమనిషీ మరో పని పెట్టుకోదు. ముందు తాగే నీళ్లు, ఆ తర్వాత వంటకు, ఆ తర్వాత డ్రమ్ములు. పంపు సన్నబడే వేళకు దొరికినవి బట్టలకు. మళ్లీ ఎప్పుడొస్తాయో వదిలేవాడికే తెలియాలి.

"కడుగుతాలే అత్తా," అంది నాగవేణి. ఆ మాట ఆమెకు దగ్గు లాంటిది. దానంతటది వస్తుంది, మనసుతో పని లేదు.

నాగవేణి భర్త దినేష్‌కు బజారులో చీరల అంగడి ఉంది. చెడ్డవాడేం కాదు. తాగడు, చెయ్యెత్తడు. ఏ వస్తువు చూసినా ఇది దేనికి అక్కరకొస్తుంది, ఎవరికి అంటగట్టవచ్చు అని చూసే మనిషి, అంతే. ఇంటర్‌తో ఆగిన చదువు మళ్లీ మొదలుపెడతానని ఆమె ఒకసారి అడిగితే, "చదివి ఏం జేస్తావ్? అంగట్లో కూసుంటావా?" అని నవ్వాడు. అంగట్లో కూర్చోనివ్వలేదు కానీ అంగడిని మాత్రం ఇంటికి పంపించాడు. గిరాకీలు విప్పి పారేసిన చీరలు మూటలు మూటలుగా వస్తాయి. నాగవేణి వాటిని మడతలు పెట్టి, అట్టలు దూర్చి, తెల్లారేసరికి కొత్త సరుకులా తయారు చేయాలి. మా దగ్గర చీర కొంటే ఫాల్ ఉచితంగా కుట్టిస్తాం అని అంగడి ముందు బోర్డు కూడా కట్టించాడు. ఆ ఉచితం పేరు నాగవేణి. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆమెకు కూడా చాలాకాలం తెలియలేదు. ఒకరోజు అంగడికి పోయి బోర్డు చదువుతూ, ఎవరో మంచి టైలరును పెట్టుకున్నాడనుకుంది. ఆ తర్వాత గుర్తొచ్చింది.

అప్పుడు ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. ఎప్పటి నుంచో అంతే. వేలికి సూది దిగినా, చీర మీద ఎర్రటి చుక్క చూస్తే గాని తెలిసేది కాదు. "మా కోడలు నోట్లో నాలుక లేని మనిషి," అని అత్త పక్కింటివాళ్లతో మెచ్చుకోలుగా చెప్తుంటే, నాలుక ఉందో లేదో తడిమి చూసుకోవాలని కూడా అనిపించేది కాదు.

ఆ మిద్దె తొట్టి మాత్రం వేరు.

ఒక ఎండాకాలం, ఆ తొట్టి నీళ్లు వడగడుతుంటే గుడ్డ మీద నువ్వుగింజ కంటే చిన్నది ఏదో ఎగిరింది. దులపబోయి ఆగింది. ఎందుకాగిందో ఇప్పటికీ ఆమెకే తెలియదు. బీరువాలో నాయన అద్దం ఉంది. ఎమ్మిగనూరులో ఆమె తండ్రి జయరాం నేతగాళ్లకు డిజైన్లు గీసేవాడు. చిన్న గడుల కాగితం మీద ఒక్కో గడీ నింపుకుంటూ పువ్వుల్నీ హంసల్నీ గీసి ఇస్తే, అవే మగ్గం మీద అంచులయ్యేవి. గుడ్డలో పోగులు లెక్కపెట్టే చిన్న మడత భూతద్దం ఎప్పుడూ ఆయన జేబులో ఉండేది. ఆయన పోయాక అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నారు, సామాను పంచుకున్నారు. ఆ అద్దాన్నీ, మిగిలిపోయిన గడుల కాగితాల కట్టనూ ఎవరూ అడగలేదు. నాగవేణి తెచ్చుకుంది.

చిన్న గాజుపలక మీద ఒక నీటి చుక్క వేసి అద్దం పెట్టి చూసింది. చూసిన మనిషి చాలాసేపు తల ఎత్తలేదు.

ఒళ్లంతా గాజే. లోపల ఏముందో అంతా కనిపిస్తోంది. వీపు వైపు గుండె ఆగకుండా ఉడుకుతున్నట్టు కొట్టుకుంటోంది. తిన్న పాచి పచ్చటి దారంలా కడుపులో వంపు తిరిగి ఉంది. వీపు మీది సంచిలో గుండ్రటి గుడ్లు. తలలో ఒకే ఒక్క నల్లటి కన్ను, అటూ ఇటూ వణుకుతూ ఆమె వైపే చూస్తున్నట్టుంది. తల దగ్గర చేతుల్లా చాచిన మీసాలతో ఒక్కో తోపు తోసుకుంటూ ఎగిరెగిరి ఈదుతోంది. ఇంటర్‌లో ల్యాబు మేడం చూపించిన డాఫ్నియా ఇదేనని ఆమెకు గుర్తొచ్చింది. అప్పుడు అందరూ వరసలో నిలబడి ఒకరి వెనక ఒకరు చూసి తప్పుకున్నారు. ఇప్పుడు వెనక ఎవరూ లేరు, జరగమనేవాళ్లు లేరు. తన రొమ్ముల మధ్య కూడా ఏదో కొట్టుకుంటోందని ఆ మధ్యాహ్నం ఆమెకు తెలిసింది.

అప్పటి నుంచి మధ్యాహ్నం అత్త నడుం వాల్చే వేళ నాగవేణిది. పాత ఫోను కెమెరా మీద ఆ అద్దాన్ని రబ్బరుబ్యాండుతో కట్టింది. బొమ్మ మొదట్లో మసకగా వచ్చేది. తర్వాత కిటుకు దొరికింది. గుడ్డ పోగు కొసతో చుక్కలో నీటిని కొంచెం పీల్చేస్తే అది కాసేపు కదలకుండా పడుకుంటుంది. ఆ కాసేపట్లోనే ఊపిరి బిగబట్టి ఫోటో తీయాలి, వెంటనే మళ్లీ నీళ్లలోకి వదలాలి. కొన్నాళ్లకు వేరేవాళ్లూ కనిపించారు. తోకకు అటొకటి ఇటొకటి గుడ్ల సంచులు మోసుకుంటూ, సంతకు రెండు మూటలతో పోయే మనిషిలా సైక్లాప్స్. పెసరగింజలా రెండు చిప్పలు మూసుకుని, ఎవరూ లేరని నమ్మకం కుదిరాక సన్నగా తెరిచి కాళ్లు బయటపెట్టేది ఇంకోటి. దాని పేరు ఆమెకు తెలియదు. సిగ్గులమ్మ అని పిలుచుకుంది.

ఫోటో చూసి నాయన గడుల కాగితం మీద గీసేది. పెన్సిలుతో ఒక్కో గడీ. కాళ్ల వెంట్రుకలు సగం గడిలో పట్టవు, అందుకని బొమ్మను పెద్దది చేసి మళ్లీ మొదలుపెట్టేది. కూరకు ఉప్పు ఎక్కువైందా అని ఎవరైనా అడిగితే ఆలోచించాల్సి వచ్చే మనిషి, డాఫ్నియా కాళ్లు ఎన్ని జతలో, గుండె ఏ వంపు దగ్గరుందో కళ్లు మూసుకుని చెప్పగలిగేది. అంగడి లెక్కన చూస్తే ఇందులో రాబడి లేదు. ఎవరి కడుపూ నిండదు, ఎవరి ఒళ్లూ కప్పదు. ఆ ఇంట్లో ఆమె చేసేవాటిలో ఎవరికీ పనికిరానిది అదొక్కటే. అందుకే అది ఆమెకు మిగిలింది.

ఒకనాడు ఏదో రసీదు కోసం బీరువా వెతుకుతూ దినేష్ ఆ కాగితాలు బయటికి తీశాడు.

"ఏమే, ఇది కొత్త రకం మామిడి పిందె గదా! యాడిది?"

నిజమే, పక్క నుంచి చూస్తే డాఫ్నియా వంపు పిందె వంపే. కింద కొస తేలి, పైన గుండ్రంగా ఉంటుంది. చీరల మధ్య పెరిగిన కంటికి అది పిందెలాగే కనిపిస్తుంది.

"అది పిందె కాదు. నేను..." అనబోయింది. అంతలో అతని ఫోను మోగింది. మాట్లాడుతూనే ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని పోయాడు.

దసరా ముందు ఒక చీర తెచ్చి ఆమె ఒళ్లో పడేశాడు. "సూడు, ఎమ్మిగనూరులో మద్దయ్యతో నేయిస్తి. మచ్చుకే ఎగబడతాండారు. యాడి డిజైనప్పా అంటే బెంగుళూరు నుంచి తెప్పిస్తినని సెప్పినా. ఆడోళ్లకు బెంగుళూరంటే మోజు గదా."

అంచు పొడవునా ఆమె డాఫ్నియా, ఒకదాని వెనక ఒకటి. కాళ్లు లేవు. మీసాలు తీగలయ్యాయి. వీపు మీది గుడ్లు, నల్లటి పోగుతో కన్ను మాత్రం అట్లాగే ఉన్నాయి. నాగవేణి దాన్ని చేత్తో తడిమింది. ఏమీ అనిపించలేదు. ఇంకొకరి చీర మీద ఇంకొకరి పువ్వులా ఉంది.

ఉచ్చీరమ్మ కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరికి లాక్కుంది. "పిందెలో ఈ నల్ల సుక్క ఏందిరా? పురుగు దొలిసినట్టుంది."

"కన్ను," అంది నాగవేణి.

"పిందెకు కన్నేందే?"

"పిందె కాదత్తా. నీళ్లలో ఉంటుంది. మన మిద్దె తొట్టిలోదే."

ఉచ్చీరమ్మ చీరను అవతలికి విసిరింది. "అయ్యో నీ నోట్లో మన్నుబడ! పురుగును దెచ్చి చీర మీద పెడతివా? అదీ ఒంటికన్నుది! పెండ్లికి పోయే ఆడబిడ్డలు కట్టుకుంటారు గదరా నాయనా!"

దినేష్ నవ్వేశాడు. తెలివైన వ్యాపారి సరుకును తప్పు పట్టడు, పేరు మారుస్తాడు. "పురుగని మనం సెప్తే గదా తెలిసేది? కన్ను పీకిస్తే నున్నగా పిందె ఐతాది. ఆ వీపు మీది గుండ్రాల జాగాలో పువ్వులు పెట్టిద్దాం. నాగా, రేపు మీ ఊరికి పోయి మద్దయ్య కాడ కూసోని మార్పిచ్చుకోని రా. నీకు గీసేది వస్తాది గదా. అట్లనే ఇంకా ఏమన్నా పిందెలుంటే గీసి పెట్టు."

మరునాడు ఆమె స్నానం చేసి వచ్చేసరికి మిద్దె మీద నుంచి ఘాటు వాసన వచ్చింది. ఉచ్చీరమ్మ తొట్టిలో బ్లీచింగ్ పౌడరు కుమ్మరించి చీపురుతో తోముతోంది. నీళ్లు తెల్లగా ఉన్నాయి. నాగవేణి గాజుపలక తెచ్చి ఒక చుక్క వేసి అద్దంలో చూసింది. వీపు దగ్గర ఏదీ కొట్టుకోవడం లేదు. ఇంకో చుక్క వేసింది. మరో మూల నుంచి ఇంకోటి వేసింది.

"బొమ్మలుండాయి గదే, ఇంగ పురుగులెందుకు?" అన్నాడు దినేష్ కింద నుంచి, చెప్పులేసుకుంటూ. "బస్సు దప్పుతాది, బయల్దేరు."

ఆమె అద్దాన్ని, ఫోనును సంచిలో వేసుకుని బయల్దేరింది. ఏడ్చి ఉంటే బస్సులో పక్కామె అయినా ఏమమ్మా అని అడిగేది. ఎవరూ అడగలేదు. కిటికీ పక్కన పెట్టిన మూటలా కూర్చుంది.

మద్దయ్య ఆమె తండ్రికి తమ్ముడి వరస. మగ్గం గుంతలో నుంచే, "రా పాపా, అల్లుడు ఫోను జేసినాడు. కన్ను దీసేయల్లంట గదా," అన్నాడు. గోడకు మేకుకు ఆమె కాగితం వేలాడుతోంది. పైన మగ్గం నెత్తిన, ఏ పోగు లేవాలో చెప్పే, ఆ బొమ్మ ప్రకారం చిల్లులు కొట్టిన అట్టల దండ ఉంది.

"కాళ్లెవరు తీసినారు చిన్నాయనా?"

"నేనే. సన్నపోగుల పని, శానా టైము దీసుకుంటాదంటే అల్లుడు తీసేయమనె. ఎవరో బెంగుళూరోళ్లు గీసిరంట, మనకు ముఖం గూడ తెలీదు, వాళ్లనేడ అడగబోతామని తీసేస్తి."

"మా నాయన గీసినప్పుడు కూడా అట్లనే తీసేటోళ్లా?"

మద్దయ్య చేతిలో అడ్డపోగు నడిపే నాడె ఆగింది. "అదేం మాట పాపా! గీసినోళ్లను అడగకుండా ఒక్క గడి ఎవడన్నా మారుస్తాడా? ఒగసారి పచ్చ పోగు అయిపోయి నీలం ఏస్తినని మీ నాయన నాతో నెల దినాలు మాట్లాడలా. అడగల్ల. గీసినోళ్లు ఒప్పుకుంటేనే మార్చల్ల. మగ్గం కాడ అది కట్టుబాటు."

"అయితే నన్ను అడుగు."

ఆయన మొదట ఆమెను చూశాడు. తర్వాత గోడ మీది కాగితాన్ని చూశాడు. లేచి గుంతలో నుంచి బయటికొచ్చి, కాగితం దగ్గరికి పోయి, గడుల్లో పెన్సిలు గీతలను వేలితో తాకాడు. కొసలో గడిని సగం కొట్టి వదిలే పద్ధతి ఆయనకు తెలుసు. ఆ ఊళ్లో ఒక్క మనిషే అట్లా వదిలేవాడు.

"నువ్వా?" అన్నాడు. "ఇంతకూ ఇదేంది పాపా? పిందేనా?"

నాగవేణి సంచిలో నుంచి ఫోను తీసి చూపించింది. మద్దయ్య దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఓరి దీనమ్మ! గుండె గూడ కనపడతాంది గదే!" అని చిన్నపిల్లాడిలా నవ్వి, అంతలోనే నాలుక కరుచుకున్నాడు. "కాళ్లు నరికితినే పాపా."

"కన్ను తీసేది లేదు చిన్నాయనా," అంది ఆమె. గొంతు పెద్దది కాలేదు. "గుడ్లు పువ్వులయ్యేది లేదు. నేస్తే కాళ్లు కూడా పెట్టి నేయి. లేకుంటే అట్టలు దించెయ్యి."

"అల్లుడికి ఏమని సెప్పాల?"

"గీసినామె ఒప్పుకోలేదని చెప్పు."

మద్దయ్య నిచ్చెన తెచ్చుకున్నాడు. ఆయన అట్టల దండ దించుతుంటే, ఆమె మేకు నుంచి తన కాగితం తీసుకుని చుట్ట చుట్టింది. మద్దయ్య భార్య కాఫీ తాగిపొమ్మని చెయ్యి పట్టుకుంది. తాగింది. ఉప్మా పెడితే తినేసింది. ఆకలిగా ఉందని తిన్నాక తెలిసింది.

తిరుగు బస్సు ఆదోని దారిలో తుంగభద్ర కాలువ దాటుతుంటే, కట్ట కింద ఊట నీళ్లు నిలిచిన మడుగు కనిపించింది. పచ్చగా, కదలకుండా ఉంది. నాగవేణి లేచి నిలబడింది. "ఈడ స్టేజీ లేదమ్మా," అన్నాడు కండక్టరు. "దిగల్లప్పా," అంది. ఆ అనడంలో ఏముందో, డ్రైవరు బండి ఆపాడు.

చెప్పులు విప్పి గట్టున పెట్టి, తాగే నీళ్ల సీసా ఖాళీ చేసి మోకాలి లోతు వరకు దిగింది. సీసాను మెల్లగా ముంచి, నిండాక గట్టు మీద ఎండలో పెట్టి దాని ముందు కూర్చుంది. బురద మీద బురద తిరుగుతోంది. ఏమీ కనిపించడం లేదు. ఆమెకు తొందర లేదు.

ఫోను మోగింది.

"యాడుండావ్? మద్దయ్య ఏందేందో సెప్తాండాడు, గీసినామె ఒప్పుకోలేదంట! బెంగుళూరోళ్లని గదా నేను సెప్పిండేది, ఎవరే ఆ గీసినామె?"

"నేనే."

అవతల అంగట్లో ఎవరో రంగు మార్చి చూపించమంటున్నారు. "ఇంటికి రా, మాట్లాడదాం," అన్నాడు దినేష్, గిరాకీకి వినపడకుండా గొంతు తగ్గించి. "ఆడ మూటలు పడుండాయి. అమ్మ ఒక్కతే ఉంది. ఇప్పుడు యాడుండావ్?"

"కాలువ కాడ."

"కాలువ కాడ ఏం పని?"

సీసాలో బురద అడుక్కి దిగుతోంది. పైభాగం తేటపడిన చోట, ఎండ వెలుగులో, ఏదో చిన్నది చేతులు చాచి ఒక తోపు తోసి ఎగిరింది. దాని వెనక ఇంకొకటి.

"ఫోను నాకు కావాల," అంది నాగవేణి. "పెట్టేస్తాండా."