అద్దానికి అంటుకున్న ముఖం

కోదాడ రోడ్ల మీద కార్లు వరదలో కొట్టుకుపోయిన ఏడు అది. కాలువ కట్ట తెగి మా తండాలోకి కూడా నీళ్లు వచ్చాయి. వడ్ల బస్తాలు తడిశాయి. వెనక గోడ నాని కూలింది. గోడకున్న ఫోటో బురదలో పడింది.

మా ఇంట్లో పాత ఫోటో అదొక్కటే. మిర్యాలగూడలో మొదటిసారి రాష్ట్ర స్థాయి కబడ్డీ పోటీలు పెట్టినప్పుడు తీసింది. మా అన్న కిష్ట్యా మంచి ఆటగాడు. ప్రారంభం నాడు కాగడా పట్టుకుని గ్రౌండు చుట్టూ ఉరికింది ఆయనే. తండా మనిషికి అటువంటి గౌరవం అదివరకు ఎవరూ ఇవ్వలేదు. పెద్దలకు స్వాగతం చెప్పడానికి మా ఆడవాళ్లను లారీలో తీసుకుపోయి వరుసగా నిలబెట్టారు. ఆ వరుసలో నా భార్య రంగి ఉంది.

పెనిమిటి అన్న ఎదురుపడితే మా ఆడవాళ్లు కొంగు ముఖం మీదికి లాక్కోవాలి. ఆటల గ్రౌండైనా అంతే. అన్న కాగడాతో వస్తుంటే రంగి కొంగు లాగింది. లాగుతుండగానే ఫోటో పడింది. అందుకే సగం ముఖమే వచ్చింది. ఒక కన్ను, ముక్కుపుడక, కొంచెం నవ్వు.

మరుసటి వానాకాలం రంగికి జ్వరమొచ్చింది. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే పోయింది. మా కొడుకు హరిలాల్ అప్పటికింకా పాకుతున్నాడు. వాడికి తల్లి అంటే ఆ సగం ముఖమే. చిన్నప్పుడు ఫోటో కింద నిలబడి, మెడ వంచి, పక్కనుంచి చూసేవాడు. కొంగు వెనకాల ఏముందో కనబడుతుందనుకునేవాడు.

తడిసిన వడ్లు ఎండకు పోస్తాం. తడిసిన బట్టలు ఎండకు వేస్తాం. నీళ్లు తీశాక ఆ ఫోటోను కూడా నేను అద్దంతో సహా ఎండకు పెట్టాను. పొద్దుగూకే వేళ తీయబోతే అద్దానికి పట్టేసింది. హరిలాల్ మెల్లగా లాగాడు. అన్న వచ్చాడు, కాగడా వచ్చింది. ఆడవాళ్ల వరుస దగ్గర పొర ఊడింది. రంగి మెడదాకా కాగితం మీద ఉంది, ముఖం అద్దం మీద ఉండిపోయింది. గోటితో గీకితే పొడి అయింది.

"ఎండకెందుకు పెట్టినవ్ బా?"

"వడ్లతో పాటు పెట్టిన" అన్నాను.

దీపావళి దగ్గరికొచ్చింది. ఆ పండుగకు మేం పోయినవాళ్లను పేరు పెట్టి పిలిచి నిప్పుల మీద నెయ్యి పోస్తాం. "ఫోటో లేకుండ యాడిని ఎట్ల పిలుస్త?" అని హరిలాల్ పట్టుబట్టాడు. మా భాషలో బా అంటే నాయన, యాడి అంటే అమ్మ. ఇద్దరం బస్సెక్కి మిర్యాలగూడ పోయాం, ఆ ఫోటో తీసిన స్టూడియోకు. తీసినాయన ఇప్పుడు లేడు. తులసీరాం అనే ఆయన కంప్యూటర్ పెట్టుకుని నడుపుతున్నాడు.

"నెగెటివ్ ఉన్నదా సార్?" హరిలాల్ అడిగాడు.

"గవి ఎప్పుడో ఎలుకలు తిన్నయ్. తిన్న ఎలుకలు కూడ సచ్చిపోయినయ్" అని నవ్వాడు తులసీరాం. "పరేషాన్ గాకు. ముఖం లేకున్నా పుట్టిస్తది ఇది. ఎట్లుండేదో జర చెప్పుండ్రి, చాలు."

"మా బా చెప్తడు. ఆయనకే ఎరుక."

తులసీరాం తెర మీద ముక్కులు, కళ్లు, గదవలు చూపించాడు.

"గిట్లుండెనా పెద్దాయనా?"

"కాదు."

"గిట్ల?"

"కాదు."

"మరెట్లుండె?"

నాకు కనబడుతూనే ఉంది. మాటే రాలేదు. నాగలి ఎట్లుంటుందో చెప్పమంటే చెబుతాను. నవ్వు రాబోయే ముందు ఆమె ముక్కు పక్కన పడే గీతను ఏమంటారో నాకు తెలియదు.

"కాపురం చేసినవా, కాపలా కాసినవా పెద్దాయనా? పెండ్లాం ముక్కు ఎట్లుండెనో చెప్తలేవు!"

బెంచీ మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. హరిలాల్ కూడా నవ్వాడు. తర్వాత సెల్లు తీసి చూపించాడు. "నా బిడ్డ సార్, కావ్య. తండాల అందరు నాయనమ్మే మళ్ల వచ్చింది అంటరు."

"గది ముందుగాల చెప్పాలె గదా! ఇగ ఖతం, పనైపోయినట్టే."

మా దగ్గర ఇంట్లో ఆడమనిషి పోతే, ఆ తర్వాత పుట్టిన మొదటి ఆడపిల్లను చూసి ఆమే మళ్లీ వచ్చింది అంటారు. ఏ ఇంట్లోనైనా అంటారు. నల్లపిల్లైనా అంటారు, ఎర్రపిల్లైనా అంటారు. అది ముఖం మాట కాదు. కావ్యది వాళ్ల అమ్మమ్మ పోలిక. పెద్దవూర దగ్గర ఉండే కోడలి పుట్టింటివాళ్ల ముఖం.

"కాదురా, గది..." అన్నాను.

"మళ్ల కాదంటవా బా?" హరిలాల్ గొంతు లేచింది. "పొద్దటి సంది గా ఒక్క మాటే అనవడ్తివి. యాదికి లేదు అని చెప్పరాదా?"

నేను పోయి బెంచీ చివర కూర్చున్నాను.

పండుగకు ముందే ఫోటో వచ్చింది. ఈసారి పెద్దది, రంగులది. అన్న కాగడాతో వస్తున్నాడు. వరుసలో రంగి ఉండాల్సిన చోట కావ్య ముఖం ఉంది. తులసీరాం కొంగు కూడా తీసేశాడు. ఆమె ముఖం మీద ముసుగు లేకుండా, అన్న ఎదుటనే పళ్లు కనబడేలా నవ్వుతోంది. బతికుండగా రంగి ఎన్నడూ అట్లా నిలబడలేదు.

"దాదా, గీమె నేనే గదా! నాకే లంగా తొడిగి గాజులేసిండ్రు!" కావ్య నా భుజం పట్టుకుని కిసకిసా నవ్వింది.

"నోర్మూస్కొని నాయనమ్మకు దండం పెట్టు" అంది కోడలు.

హరిలాల్ ఫోటో ఒళ్లో పెట్టుకుని, ముఖం మీద అరచెయ్యి ఆనించి, "యాడీ" అన్నాడు. తల నెరుస్తున్న మనిషి. పండుగ నాడు పేరు పెట్టి పిలవడమే తప్ప, వాడి నోట ఆ పిలుపు నేను వినడం అదే మొదలు. ఏడ్చాడు. ఏడ్చి, నా వైపు తిరిగాడు.

"గిట్లనే ఉండెనా బా? గిట్లనేనా?"

"ఊఁ" అన్నాను.

బయటికి వచ్చి మంచం మీద కూర్చున్నాను. లారీలో పోయిన ఆడవాళ్లలో ఇప్పుడు ఎవరూ లేరు. అన్న కూడా లేడు. ఉన్నా లాభం లేదు, కొంగు అడ్డం వల్ల ఆయన తన తమ్ముడి పెళ్లాం ముఖం ఎన్నడూ చూడనేలేదు. పోనీ, నా దగ్గర ఉంది కదా అనుకుని కళ్లు మూసుకున్నాను. కన్ను వచ్చింది. పుడక వచ్చింది. వాటి మీదికి కావ్య పళ్లు వచ్చాయి. కళ్లు తెరిచి మళ్లీ మూసుకున్నాను. ఈసారి కన్ను కూడా రాలేదు. ఆ రంగుల ముఖమే వచ్చింది. చీకటి పడేదాకా చూశాను. అదే వచ్చింది.

తెల్లవారి హరిలాల్ సుత్తి, మేకు పట్టుకుని కొత్త గోడ దగ్గర నిలబడ్డాడు. "నీ చేత్తోనే కొట్టు బా" అన్నాడు. కొట్టాను. ఫోటో తగిలించి, వెనక్కి జరిగి, "సక్కగున్నదా?" అని అడిగాడు. ఎడమ పక్క కొంచెం దిగింది. వేలితో ఎత్తి సరిచేశాను.