రెండో లైను

"నీకేందమ్మా, కుర్చీలో కూర్చుని హలో హలో అంటే జీతమొస్తది. రొట్టె మాడనీయకు," అంది అత్త జైనాబ్ బీ మంచం మీద నుంచే.

జరీనా పెనం మీద రొట్టె తిప్పింది. అయిదింటికి లేచి నీళ్ళు తోడి, బట్టలుతికి, రొట్టెలు కాల్చి, మొగుడు సుభానీకి క్యారియర్ కట్టి, తొమ్మిదిన్నరకి టెలిఫోన్ ఎక్స్చేంజిలో బోర్డు ముందు కూర్చుంటే, ఆ రోజుకి కూర్చోవడం అదే మొదటిసారి.

ఎనభై నాలుగులో వాళ్ళ ఊరి నుంచి గుంటూరుకి రెండే ట్రంకు లైన్లు. ఎవరు మాట్లాడాలన్నా ఆమె చేత్తో కలపాల్సిందే. పది నుంచి ఒంటిగంట దాకా రెండో లైను పత్తిమిల్లుల వాళ్ళకే అట్టిపెట్టమని సూపర్‌వైజర్ రాజారత్నం నోటిమాటగా చెప్పాడు. ఆ వారం పై ఆఫీసు ట్రాఫిక్ లెక్క అడిగింది. అరగంటకి ఎన్ని కాల్స్ అడిగారు, ఎన్ని కలిశాయి, కలవనివి ఎందుకు కలవలేదు, ఏ లైను ఎంతసేపు ఖాళీ, అన్నీ రాయాలి.

మూడోరోజు ఈపూరు నుంచి లింగమ్మ వచ్చింది. "గుంటూరులో కూతురికి పురిటినొప్పులు కష్టంగా ఉన్నయ్యంట బిడ్డా. అల్లుడు పనిచేసే కొట్టుకి ఒక్కసారి కలుపు." పదింటికి బెంచీ మీద కూర్చుంది. మొదటి లైను తెరిపివ్వలేదు. రెండోది ఖాళీగానే ఉంది. జరీనా ఒకసారి ప్లగ్గు అటు తీసుకెళ్ళింది. వెనక రాజారత్నం దగ్గాడు. చెయ్యి వెనక్కొచ్చింది. పన్నెండున్నరకి లింగమ్మ లేచి, "బస్సెక్కి నేనే పోయి చూసుకుంటాలే," అని కొంగుతో మొహం తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆయన దగ్గాడు సరే, వెనక్కి తీసిన చెయ్యి ఎవరిది? సాయంత్రం అంట్లు తోముతున్నంతసేపూ జరీనా ఆ చేతినే చూసుకుంది.

వారం చివర రాజారత్నం కాగితాలు తిరగేశాడు. "నలభై ఒక్క కాల్స్‌కి 'లైను ఇవ్వలేదు' అని రాశావేందమ్మా? 'పార్టీ ఉండలేదు' అని మార్చు, అడిగినవాళ్ళే ఆగకుండా పోయారని."

"ఉండలేదండీ. ఎందుకుండలేదో రాశాను."

ఆయన ఆమెతో వాదించలేదు. నేరుగా సుభానీ మెకానిక్ షెడ్డుకి వెళ్ళాడు.

"ఏమే, ఆయనంతటాయన షెడ్డుకొచ్చి అడిగాడు. మార్చి సంతకం పెట్టెయ్. నీకేం పోతది?" అన్నాడు సుభానీ అన్నం ముందు కూర్చుని.

"బోర్డు ముందు కూర్చునేది నేను. నీ దగ్గరికెందుకొచ్చాడు?"

సుభానీ చారు పోసుకున్నాడు.

మర్నాడు ఆమె కారణం మార్చలేదు. రెండో లైను ఖాళీగా ఉన్న అరగంటలన్నిటి పక్కనా 'సూపర్‌వైజర్ చెప్పినందున' అని సిరాతో రాసి, కింద 'జరీనా బేగం' అని పూర్తిగా సంతకం చేసింది. ఆ లెక్క చూసి పై ఆఫీసు నుంచి మనిషొచ్చి వెళ్ళాక రెండో లైను అందరికీ అయింది. నెల తిరక్కుండా జరీనాకి మాచర్ల బదిలీ కూడా వచ్చింది.

"చేసుకున్నావుగా! రోజూ అంత దూరం ఏం తిరుగుతావు? ఇంటి పని ఎవరు చూస్తారు?" అన్నాడు సుభానీ.

జరీనా పెట్టెలో చీరలు సర్దుతూ తలెత్తింది.

"ఇన్నాళ్ళూ ఎవరు చూశారో, ఆమె మాచర్లలో గది మాట్లాడుకుంది."